మా హైస్కూలుకి ఎన్ని పొరల రంగు?

మా ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థులు వజ్రోత్సవం తలపెట్టారు. సావనీరులో వేయడానికి బడి చరిత్ర రాసిపెట్టమని నన్నడిగారు. నాకు రెండు పేజీలు కేటాయించారు. అందులో ఒకటిన్నర పేజీ దాతల ఫొటోలకి పోతుంది, మిగిలిన అరపేజీలో చరిత్ర సర్దాలి. చరిత్రకి అంతకన్నా ఎక్కువ చోటిచ్చిన కమిటీని మా కోనసీమలో నేనింతవరకు చూడలేదు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

మొదటి చిక్కు వజ్రోత్సవం దగ్గరే వచ్చింది. వజ్రోత్సవమంటే అరవయ్యా, డెబ్బై అయిదా అన్నది కమిటీలో తేలలేదు. ఎందుకంటే బడి ఎప్పుడు పుట్టిందో ఊళ్లో ఇద్దరు ఒక మాట చెప్పరు. రికార్డులు చూపించమంటే, 1986 వరదలో పోయాయన్నారు. ఆ రికార్డుల్ని చెదలు తినేశాయని వరద రాకముందే అనేవారని మా బాబాయి చెప్పాడు. ఇక కాగితాల్ని నమ్ముకుంటే లాభం లేదని, తవ్వకాల వాళ్ల పద్ధతి పట్టాను. గోడ గీకడం మొదలెట్టాను.

ఎనిమిదో తరగతి గది కిటికీ పక్కన అరచేయంత పెచ్చు ఊడి ఉంది. దాని అంచున బొటనవేలి గోరుతో గీకితే ముందు కొత్త రంగు లేచింది, ఇంకా వాసన కూడా పోలేదు. దాని కింద పోయిన ప్రభుత్వం రంగు. దాని కింద అంతకుముందు పోయిన ప్రభుత్వం రంగు. ఇంకా కిందకి వెళితే నీలం, ఎర్రమట్టి గేరు, ఆఖరున తెల్లగా వెల్ల. వెల్ల దాకా వచ్చేసరికి నా గోరు అరిగిపోయింది. వెల్ల వేసిన రోజుల్లో ఏ పార్టీకీ సొంత రంగు లేదో, సున్నం చవకో, పరిశోధకులు తేల్చాలి. ఈ రంగులేమీ చిన్న విషయం కాదు. మన రాష్ట్రంలో పంచాయతీ ఆఫీసుల రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెచ్చు మాత్రం ఎవరూ పూడ్చలేదు. పూడ్చకపోవడమే మంచిదైంది, లేకపోతే ఈ చరిత్రకి ఆధారమే ఉండేది కాదు.

ప్రతి చరిత్రకీ మొదట్లో ఒక దొర ఉండాలి. మాకు ఇద్దరున్నారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల్లో నీళ్లొచ్చాయి, చేలు పండాయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. డబ్బులు ఆడుతున్న చోటు సర్కారుకి ఎప్పుడూ ముందే తెలుస్తుంది. ఆ దశాబ్దంలోనే నరసాపురం వైపు సబ్ కలెక్టరు టేలర్ దొర, శిస్తుతో పాటు బడి ఖర్చుకి కూడా కొంత కట్టమని రైతుల్ని ఒప్పించాడు. డబ్బు రైతులది, పేరు దొరది. నరసాపురంలో అది ఇప్పటికీ టేలర్ హైస్కూలే. గోదావరి జిల్లాల్లో శిలాఫలకాల సంప్రదాయానికి బీజం అక్కడే పడిందని నా సిద్ధాంతం. ఖండించాలనుకునేవారు ముందు విరాళం కట్టి రండి.

1874లో కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. ఆయన్ని అప్పుడు తిట్టినవాళ్ల మునిమనవలే ఇప్పుడు ఆయన విగ్రహానికి దండలు వేస్తున్నారు. ఆ మహానుభావుడి ఆశయం మా బడిలో పూర్తిగా నెరవేరింది. పొద్దున్నే మా వీధి చివర నిలబడితే ఎవరికైనా కనిపిస్తుంది. తమ్ముణ్ని టై కట్టి పసుపు వ్యాను ఎక్కిస్తారు, అక్క పుస్తకాల సంచీ తగిలించుకుని గట్టు మీద నడిచి మన బడికి వస్తుంది. అందువల్ల మా బడిలో ఆడపిల్లలే ఎక్కువ. సావనీరులో దీన్ని ‘స్త్రీ విద్యాభివృద్ధి’ అనే ఉపశీర్షిక కింద రాశాను. కమిటీ వారు చాలా సంతోషించారు. వాళ్ల మనవలు కూడా ఆ వ్యానులోనే వెళతారు.

మా బడి అంగుళం కదలకుండా చాలా ప్రయాణం చేసింది. పుట్టినప్పుడు జిల్లా బోర్డు హైస్కూలు. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక ‘బోర్డు’ చెరిపి ‘పరిషత్’ అని రాశారు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయ్యాక జిల్లా పేరు కూడా చెరిపి రాశారు. అయితే జిల్లాలు విడిపోయినా పరిషత్తు విడిపోలేదు, కాకినాడలోనే ఉండిపోయింది. అంటే బడి ఒక జిల్లాలో, బడి యజమాని ఇంకో జిల్లాలో. గల్ఫ్‌కి వెళ్లిన ఇంటాయన కోసం ఎదురుచూసే సంసారాలు మా వైపు చాలా ఉన్నాయి కనక మాకిది కొత్తగా అనిపించలేదు.

హాజరు విషయంలో మా బడికి రెండు రికార్డులున్నాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఒకటి, 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కొబ్బరిచెట్లు వరసగా పడిపోయినప్పుడు ఒకటి. ఆ రెండుసార్లూ ఊరు ఊరంతా, బడి మానేసినవాళ్లతో సహా, గొడ్లతో సహా వచ్చి బడిలో కూర్చుంది. బెంగుళూరు పెంకుల షెడ్డు ఎగిరిపోయింది, డాబా గదులు నిలబడ్డాయి. మా అమ్మ ఎప్పుడూ బడి మొహం చూసిన మనిషి కాదు. ఆరో తరగతి గదిలో మూడు రాత్రులు ఉంది. ఆ తర్వాత ఎవరైనా చదువెంతవరకు అని అడిగితే ‘ఆరు’ అనేది.

ఇప్పుడు అసలు అభివృద్ధి దగ్గరికి వద్దాం. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పథకం పుణ్యమా అని రాష్ట్రంలో చాలా బళ్లలో కుళాయిలూ ఫ్యాన్లూ బల్లలూ వచ్చాయి. మా బడికీ వచ్చాయి, ఆ మాట ఒప్పుకోవాలి. వాటితో పాటు ఫొటోలు కూడా వచ్చాయి. మరుగుదొడ్డి ఫొటో, అన్నం ఫొటో, 2022 నుంచి హాజరు కోసం మాస్టర్ల మొహాల ఫొటో. మా బడిలో సిగ్నలు కాలువ గట్టు మీదే అందుతుంది. బడి మొదలయ్యే వేళకి అటు వెళితే మాస్టర్లు, మేడమ్‌లు తూర్పుకి తిరిగి, ఫోన్లు మొహాలకెదురుగా ఎత్తి పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. కొత్తవాళ్లు సూర్యనమస్కారాలు అనుకుంటారు. లెక్కల మేడమ్ గారిని పలకరిస్తే, ‘‘ఉండండి, రెప్ప వేస్తే మళ్లీ మొదటికొస్తుంది’’ అన్నారు.

మధ్యాహ్న భోజనం రాష్ట్రంలో 2003 నుంచి ఉంది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది. కొన్నాళ్లు గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరు. ఆవిడ మా లంకల గన్నవరం ఇల్లాలే. వేళ కాని వేళ వచ్చినా అన్నం పెట్టిందని పేరు. ఫొటో తీయించుకోవడానికి మాత్రం ససేమిరా అందని మా వైపు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆవిడ పేరు మీద వండిన అన్నానికి రోజూ ఫొటో తీస్తున్నారు.

ఇక మిగిలింది గంట. నిద్రగన్నేరు కొమ్మకి ఇనప తీగతో వేలాడదీసిన రెండడుగుల రైలు పట్టా ముక్క అది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వేశారు, యుద్ధం వచ్చాక 1940లో పట్టాలు పీకి పట్టుకుపోయారు. ఆ పీకుళ్లలో మిగిలిన ముక్క పంటు మీద గౌతమి దాటి మా ఊరొచ్చిందని పెద్దవాళ్ల వాదన. కోటిపల్లి లైను 2004లో మళ్లీ వేశారు గానీ మా ముక్కని ఎవరూ వెనక్కి అడగలేదు. దాన్ని నరసాపురం దాకా పొడిగిస్తామని పాతికేళ్లుగా అంటున్నారు. గోదావరి పాయల్లో స్తంభాలు లేచాయి, రైలు ఇంకా రాలేదు. కాబట్టి కోనసీమ నడిబొడ్డుకి ఇంతవరకు వచ్చిన రైలు మా బడి చెట్టుకి వేలాడుతున్న ఆ రెండడుగులే.

దాని స్థానంలో కరెంటు గంట పెట్టారు. నేను వెళ్లిన రోజు పన్నెండు దాటాక కరెంటు పోయింది. అటెండరు ఒక్క క్షణం పైకి చూసి, చూరులోంచి పాత మేకు తీసుకుని చెట్టు కిందకి వెళ్లి పట్టా మీద కొట్టాడు. ఆ మోత కాలువ దాటి అవతలి గట్టు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్నవాళ్ల దాకా వెళ్లింది. పిల్లలు కంచాలు పట్టుకుని బయటికొచ్చారు. ఈ గంట సంగతి కూడా చరిత్రలో రాస్తానని అతనితో అన్నాను. అతను మేకు మళ్లీ చూరులో దోపేసి, ‘‘ఆయ్, వద్దులెండి బాబూ. ఇది స్టాకు రిజిస్టరులో లేదండి’’ అన్నాడు.