జాజ్ వాళ్లు మమ్మల్ని నిలువునా మోసం చేశారు

సాహితీలోకానికి జరిగిన ఒక ఘోర అన్యాయం గురించి ఇక మాట్లాడక తప్పదు. జాజ్ అనే అమెరికా సంగీతమంటే ఆ క్షణానికి ఏది తోస్తే అది వాయించడమేనని (దాన్నే ఇంప్రొవైజేషన్ అంటారు) నమ్మి, కవిత్వానికీ అదే పద్ధతి చాలనుకుని, మాలాంటి కవులు ఎందరో దిద్దుకోవడం మానేశారు. టీ చల్లారేలోపు కవిత అయిపోవాలి. ఎవరైనా నసిగితే 'ఇది జాజ్ శైలి' అంటే చాలు, నోరు మూతపడేది.

తీరా చూస్తే ఏముంది? చార్లీ పార్కర్ అనే జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు మూడు నాలుగేళ్ల పాటు రోజుకు 11 నుంచి 15 గంటలు సాధన చేశానని 1954లో రేడియోలో తనే చెప్పేశాడు. ఆ మోత భరించలేక, ఇల్లు ఖాళీ చేయమంటామని ఇరుగుపొరుగు వాళ్లు అతని తల్లిని బెదిరించారట. అంతకుముందు, 1936లో, కాన్సస్ సిటీలో కుర్ర పార్కర్ తడబడితే డ్రమ్మర్ జో జోన్స్ తాళం చిప్ప ఊడదీసి అతని కాళ్ల దగ్గరికి విసిరాడు. మా కవి సమ్మేళనాల్లో ఇలాంటి అనాగరికత లేదు. ఎవరేం చదివినా శాలువాయే.

పోనీ, జాజ్‌కు దగ్గరి చుట్టమైన బ్లూస్ పాటలైనా మనవనుకుంటే అదీ నమ్మించి ముంచింది. మొదటి పాదాన్నే మళ్లీ పాడటం మాకు బాగానే నచ్చింది, సగం పని కలిసొస్తుంది. కానీ మూడో పాదం ఆ రెండింటికీ జవాబు చెప్పాలట, ప్రాస కూడా కుదరాలట! అమెరికా కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1920లలోనే ఈ కట్టడిని కవిత్వంలోకి తెచ్చిపెట్టాడు.

ఇక మా ఇలవేల్పు, జాజ్ వాయించినట్టే రాస్తానన్న అమెరికా నవలాకారుడు జాక్ కెరువాక్. 1951లో మూడే వారాల్లో, అతికించిన కాగితాల చుట్ట మీద 'ఆన్ ది రోడ్' అనే 120 అడుగుల నవల టైపు కొట్టాడని విని ఎంత పొంగిపోయామో! దానికి ముందు ఏళ్ల తరబడి నోటుబుక్కులు నింపాడనీ, 1957లో అచ్చయ్యేలోపు దిద్దుతూనే ఉన్నాడనీ తర్వాత తెలిసింది. 'తొలి ఆలోచనే మేలు' అని ఊరంతా చాటిన అతని మిత్రకవి గిన్స్‌బర్గ్ అయితే, తన 'హౌల్' అనే దీర్ఘకవిత చిత్తుప్రతులను కొట్టివేతలతో సహా 1986లో పుస్తకంగా వేసుకున్నాడు. సిగ్గనేది ఉండాలి.

(మన అష్టావధానులూ ఈ బాపతే. సభలో అప్పటికప్పుడు అల్లినట్టే ఉంటారు. ఇంట్లో ఎన్నేళ్లు ఛందస్సు నమిలారో మాత్రం చెప్పరు.)

మా డిమాండ్ ఒక్కటే. సినిమాకు ముందు పొగాకు హెచ్చరిక వేసినట్టు, ప్రతి జాజ్ కచేరీకి ముందు కళాకారుల సాధన గంటలు పెద్ద అక్షరాల్లో ప్రదర్శించాలి. ఆ ఏర్పాటు జరిగేవరకు మా కవితలు యథాతథంగా వెలువడుతూనే ఉంటాయి. వాటిలో అచ్చుతప్పులు కనిపిస్తే దయచేసి ఇంప్రొవైజేషన్‌గా భావించగలరు.