ధర అడిగితే ‘ఇన్‌బాక్స్ చూడండి’ అనే ఆచారాన్ని కాపాడుకుందాం

పోచంపల్లి చీర ఫొటో పెట్టి, ధర మాత్రం వేయకుండా, అడిగిన ప్రతివారికీ ‘ఇన్‌బాక్స్ చూడండి మేడమ్’ అని బదులివ్వడం మన ఆన్‌లైన్ చిరువ్యాపారులు నిలబెట్టిన ఘన సంప్రదాయం. దానికిప్పుడు ముప్పొచ్చింది. పైసా ఖర్చులేని పనిముట్లు కొన్ని ఫోన్లలోకి చొరబడి, ధర అందరికీ ఒకేసారి కనపడేలా చేస్తున్నాయి. ఇలాగే సాగితే జనం అడక్కుండానే కొనేస్తారు. అప్పుడు మనం ఇన్‌బాక్స్ చూడమని ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ఆచారం లోతు బయటివాళ్లకు తెలియదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మనల్ని ఫాలో కానివారికి మనం పంపే మెసేజి మామూలు ఇన్‌బాక్సులో పడదు, ‘రిక్వెస్టులు’ అనే పక్క అరలోకి పోతుంది. ఆ అర తెరిచి చూసే అలవాటు చాలామందికి లేదు. అంటే ధర మనం చెప్పినట్టే, వాళ్లకు అందనట్టే. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 మాత్రం మొత్తం ధరను ఒకే సంఖ్యగా చూపించమంటున్నాయి. నియమాలు రాసినవారెవరూ చీరలు అమ్మి ఉండరు.

ముప్పుల్లో పెద్దది వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని కేటలాగ్. ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే కదా దూరంగా ఉండగలం, అందుకని వివరంగా చెప్పక తప్పదు. బిజినెస్ టూల్స్‌లోకి వెళ్లి కేటలాగ్ తెరిచి, కొత్త వస్తువు చేర్చమంటే ఫొటోలు, పేరు, ధర, వివరణ, ఐటమ్ కోడ్ అడుగుతుంది. ఒక వస్తువుకు 10 ఫొటోల దాకా, మొత్తం 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. కొనేవాళ్లు అందులోంచే ఏరుకుని బుట్టలో వేసి ఆర్డరు పంపేస్తారు. ఐటమ్ కోడ్ గడి మరీ ప్రమాదం. ప్రతి చీరకూ ఒక కోడు ఇచ్చేస్తే ‘నిన్న పెట్టిన ఆకుపచ్చది, అంచు కాస్త పెద్దది, అది కాదు ఇంకోటి’ అనే అరగంట సంభాషణ అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఊరట ఒక్కటే: ధర గడి నింపడం తప్పనిసరి కాదు. ఖాళీగా వదిలేసి సంప్రదాయాన్ని కేటలాగ్‌లోనూ కొనసాగించవచ్చు.

అదే యాప్‌లో ముందే రాసిపెట్టుకునే జవాబులు, అంటే క్విక్ రిప్లైలు కూడా ఉన్నాయి. స్లాష్ గుర్తు (/) కొట్టి ‘కొరియర్’ అని టైపు చేస్తే చార్జీలు, రోజులు, ఏ ఊళ్లకు పంపుతామో అంతా ఒక్క నొక్కుతో వెళ్లిపోతుంది. ఒకే జవాబును రోజుకు ముప్పైసార్లు వేళ్లతో కొట్టడంలోని తపస్సు దాన్ని తయారుచేసినవాళ్లకేం తెలుసు! వాట్సాప్ లింకు సంగతీ అంతే. డబ్ల్యూఏ డాట్ ఎంఈ (wa.me), స్లాష్ గుర్తు, 91, వెంటనే పదంకెల నంబరు. ప్లస్ గుర్తు, ఖాళీలు, ముందు సున్నా ఉండకూడదు, ఉంటే లింకు సరిగా తెరుచుకోకపోవచ్చు. దీన్ని ఇన్‌స్టాగ్రామ్ బయోలో పెడితే నంబరు సేవ్ చేసుకోకుండానే చాట్ తెరుచుకుంటుంది. బయోలో ఇలాంటి లింకులు ఐదు పెట్టనిస్తారట. మనం మాత్రం నంబరును పోస్టరు బొమ్మ మీదే అచ్చేద్దాం. కావలసినవాళ్లు కాగితం మీద రాసుకుంటారు.

ఇక ప్రచారం. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది పడతారు గానీ, మన నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. జిత్తులమారి వ్యాపారులు కొందరు మొదటి ఆర్డరు రోజే ‘మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్త సరుకు కబురు వస్తుంది’ అని అడిగేస్తున్నారు. మన పద్ధతి వేరు. కొన్నవాళ్లనూ, కొననివాళ్లనూ, ఎల్ఐసీ ఏజెంటునూ అడక్కుండా గ్రూపులో పడేస్తాం. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. సభ్యుల్లో మరో ఇద్దరు చీరల వ్యాపారులు తప్పక ఉంటారు, సాయంత్రానికల్లా మన ఖాతాదారులు వాళ్ల ఖాతాదారులవుతారు. విసిగినవాళ్లు రిపోర్టు కొడితే వాట్సాప్ మన నంబరునే కట్టడి చేయొచ్చు. చందాదారులు ఒకరికొకరు కనపడని చానల్ అనే సదుపాయం ఉంది కానీ, అందులో గుడ్‌మార్నింగులకు బదులు చెప్పేవాళ్లుండరు.

వెబ్‌సైటు ఉన్నవారికి మరికొన్ని సూచనలు. సరుకు పేరు, ధర, బరువు అన్నీ బొమ్మలోనే ఉంచండి. పేజీ మీద అక్షరాలుగా రాస్తే గూగుల్ సులభంగా చదివేస్తుంది. గోంగూర పచ్చడి వెతికేవాళ్లలో కొందరు తెలుగులో, చాలామంది ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. పేజీలో రెండు రకాలుగానూ పేరు రాశారో, ఇద్దరికీ దొరికిపోతారు. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన తెలుగును అలాగే తెచ్చి అతికించడం శ్రేయస్కరం. అది ఫోన్లూ, కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్ కాదు కాబట్టి పేజీ మీద పిచ్చి గుర్తులుగా మారి, ధర ఎవరికీ అర్థం కాదు. ఫొటోలు ఫోన్లో తీసినవి తీసినట్టే, ఒక్కోటి 4, 5 ఎంబీలతో ఎక్కించాలి. స్క్వూష్ అనే ఉచిత సైటు ఒకటుంది, జాగ్రత్త. బ్రౌజర్లోనే ఫొటోను 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, వెబ్‌పీ రకంలోకి మార్చి, క్వాలిటీ 75 దగ్గర పెడితే చాలా ఫొటోలు 200 కేబీ లోపుకు వచ్చేస్తాయి, కంటికి తేడా తెలియదు. పేజీ వేగం కొలిచే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ జోలికీ పోవద్దు. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలని అది పట్టుబడుతుంది. సహనం లేనివాళ్లకు చీరెందుకు?

డబ్బు దగ్గరకొస్తే, స్క్రీన్‌షాటు దైవవాక్కు. ‘పేమెంట్ చేశాను’ అంటూ ఆకుపచ్చ టిక్కు బొమ్మ వస్తే పార్సెలు కట్టేయాలి. అలాంటి బొమ్మలు తయారుచేసే నకిలీ యాప్‌లున్నాయనీ, బ్యాంకు యాప్ తెరిచి జమ పడిందో లేదో, లావాదేవీకి ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు సరిపోయిందో లేదో చూడాలనీ అనుమానపు మనుషులు అంటారు. డబ్బు రావడానికి పిన్ను కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, అలా చేయమన్నవాడు తీసుకోవడానికే వచ్చాడనీ అంటారు. డబ్బు పోయాక వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమంటారు. మర్యాదస్తులు ఖాతాదారును శంకిస్తారా?

కాగితాల గురించి రెండు ముక్కలు చాలు. పచ్చళ్లమ్మేవారు ఆహార భద్రతా సంస్థవారి ఫోస్కోస్ పోర్టల్‌లో నమోదై 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరును సీసా మీద వేయాలి. చిన్న పరిశ్రమలకిచ్చే ‘ఉద్యమ్’ నమోదు ప్రభుత్వ సైటులో పూర్తిగా ఉచితం, అయినా గూగుల్‌లో పైన ప్రకటనగా కనిపించినవాడికే రుసుము కట్టడం లోకాచారం. జీఎస్టీలో అసలు తమాషా ఉంది. సరుకుల అమ్మకానికి, నమోదు అక్కర్లేని ఏడాది టర్నోవరు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. కానీ విజయవాడ ఆవకాయ హైదరాబాద్ వెళ్తే అది అంతర్రాష్ట్ర సరఫరా, పరిమితితో పని లేకుండా నమోదు తప్పనిసరి. మేనత్త ఇంటికి పంపే సీసాకు వర్తించదులెండి, ఆవిడ డబ్బులివ్వదు కాబట్టి.

కొరియర్‌కు ఎప్పుడూ పెద్ద పెట్టే వాడాలి. చాలా కంపెనీలు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి వచ్చినదాన్నీ, అసలు బరువునూ పోల్చి, ఎక్కువదానికి డబ్బు తీసుకుంటాయి. కిలో పచ్చడిని 30, 25, 20 పెట్టెలో పెడితే లెక్కకు మూడు కిలోలు. రెండు కిలోల గాలిని కూడా విశాఖ నుంచి వరంగల్‌కు పంపించిన తృప్తి మనది. చీర చిరిగి వచ్చిందన్నవారిని మాత్రం ‘పాజ్ లేని ఓపెనింగ్ వీడియో’ అడగాలి. మనం ప్యాక్ చేసేటప్పుడు చీరనూ, చిరునామా చీటీనీ ఒకే వీడియోలో తీసి పెట్టుకుంటే వివాదం నిమిషంలో తేలిపోతుందన్న సంగతి బయటకు పొక్కనీయకూడదు.

చివరగా డొమైన్. వెబ్‌సైటు పేరును మన ఈమెయిల్‌తో మనం కొనుక్కోవడం అహంకారం. బీటెక్ చదివిన మేనల్లుడు కొనాలి, తన ఈమెయిల్‌తో, తన నంబరుతో. ఏడాదికోసారి పునరుద్ధరణ నోటీసులు అతనికే వెళ్తాయి, అతను డల్లాస్‌లో ఉంటాడు. డాట్‌కామ్ పేరైతే గడువు దాటాక సాధారణంగా కొన్ని వారాలు మామూలు ధరకే తిరిగి ఇస్తారు. తర్వాత 30 రోజుల రిడంప్షన్ కాలంలో భారీ జరిమానాతో ఇస్తారు. ఆపైన 5 రోజులు ఎవరికీ ఇవ్వరు. ఆరో రోజు నుంచి ఎవరైనా కొనుక్కోవచ్చు, మన పేరు మీద ఆన్‌లైన్ పేకాట కూడా నడుపుకోవచ్చు. డొమైన్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ సైటులో పేరు కొడితే గడువు తేదీ ఊరికే కనపడుతుంది, ఆటో రెన్యూవల్ అనే మీట కూడా ఉంటుంది. కానీ మనం డల్లాస్‌కే ఫోన్ చేద్దాం. మేనల్లుడు నిద్రలేచి లాగిన్ అవుతాడు. ఓటీపీ అతని పాత ఇండియా నంబరుకు వెళ్తుంది. రీచార్జి లేక ఆ సిమ్ ఎప్పుడో రద్దయి, నంబరు ఇంకెవరికో వెళ్లింది. ఆయనకు ఫోన్ చేసి ‘బాబూ, మీకో ఓటీపీ వచ్చింది, కాస్త చెబుతారా’ అని అడగండి. 1930 నంబరు ఆయనకు కంఠతా వచ్చు.