తైబజార్ పాట ఆపితేనే అంగడి బాగుపడేది

ఏటా మార్చిలో అంగడి, అంటే వారపు సంత, ఉన్న ఊళ్ల పంచాయతీ ఆఫీసుల ముందు ఓ చిన్న గుంపు చేరుతుంది. డిపాజిట్ కట్టిన నలుగురైదుగురు కుర్చీల్లో కూర్చుంటారు. సెక్రటరీ పోయినేడు పలికిన మొత్తం చదువుతాడు. తైబజార్, అంటే అంగట్లో కూర్చున్నందుకు కట్టే సుంకం, వసూలు హక్కుకు వేలం పాట మొదలవుతుంది, అరగంటలో ముగుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి ఏడాది పాటు ఆ ఊరి అంగట్లో ఎవరు గంప దించినా పైసలు అడిగే హక్కు పాట దక్కించుకున్న కాంట్రాక్టరు ఒక్కడిది అయిపోతుంది. వారపు సంతల నిబంధనలంటే మనవాళ్లు లైసెన్సులు, ట్రాఫిక్, చెత్త గురించి మాట్లాడతారు. అవన్నీ తర్వాతి సంగతి. అంగడి ఎట్లా నడవాలో తేలిపోయేది ఆ అరగంటలోనే.

ఆ మధ్య నల్లగొండ జిల్లాలో ఒక అంగడికి పోయాను. ఊరి పేరు రాయను, ఏ ఊరైనా ఒకటే. తండా నుంచి తెల్లారగట్ల ఆటోలో వచ్చిన ఒక పెద్దమ్మ రోడ్డు పక్కన యూరియా సంచి పరిచి పుంటికూర, చుక్కకూర కట్టలు పేర్చుకుంటున్నది. ఇంకా నీళ్లు చల్లనేలేదు, రసీదు బుక్కుతో కాంట్రాక్టరు మనిషి, ఒక పిల్లగాడు, వచ్చి నిలబడ్డాడు.

"ముప్పై."

"బోణీ గాలే బిడ్డా, మల్ల రా."

"మల్లొచ్చేసరికి నువ్వుంటవా ఏంది" అంటూ చిట్టీ చింపి కట్టల మీద పెట్టాడు.

ఆమె కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఆ చిట్టీ తీసుకుని చూశాను. నంబరు ఉంది, ముద్ర ఉంది. ఎంత తీసుకున్నారో లేదు, తేదీ లేదు. రేట్ల బోర్డు ఎక్కడుందని అడిగితే పిల్లగాడు సోడా బండి వైపు చెయ్యి చూపించాడు. బోర్డు బండి వెనకాలే ఉంది, నిజమే. పంచాయతీ తీర్మానం ప్రకారం కూరగాయల గంపకు రాసి ఉన్నది 10 రూపాయలు. కట్ట పదికి అమ్మే మనిషి బోణీ కాకముందే మూడు కట్టలు సమర్పించుకుంది. మధ్యాహ్నం వాన పడి అంగడి చెదిరిపోయింది. ఆ ముప్పై మాత్రం తిరిగి రాలేదు.

పిల్లగాడిని తిట్టి లాభం లేదు, అతనిది రోజు కూలీ. కాంట్రాక్టరు కూడా పాడిన సొమ్మును 52 వారాల్లో రాబట్టుకోవాలి, పైన మిగుల్చుకోవాలి. పోటీలో పాట పెరిగిన ప్రతి వెయ్యీ చివరికి ఎవరి గంప మీద పడుతుందో లెక్క కష్టం కాదు. అధికారులు అస్తమానం వాపోయే ట్రాఫిక్ సంగతీ ఇక్కడే ఉంది. జాగా నిండింది, ఇక చాలు అని కాంట్రాక్టరు ఎందుకంటాడు? ఇంకో సంచి పరిస్తే ఇంకో చిట్టీ. అంగడి మైదానం దాటి రోడ్డెక్కేది అట్లాగే. తర్వాత పోలీసులొచ్చి లేపేది చిట్టీ కట్టిన మనిషినే.

తైబజార్ అనే మాట పారసీ నుంచి నిజాం కాలంలో మనకొచ్చింది. ఆ రోజుల్లో భూమి శిస్తు వసూలును కూడా గుత్తకే ఇచ్చేవాళ్లు. గుత్తేదారు ఖజానాకు ఒప్పుకున్నంత కట్టి, రైతు దగ్గర పిండినంత పిండేవాడు. ఈ పద్ధతిలో ఖజానా నిండదు, ఊళ్లు పాడవుతాయని నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ గ్రహించి 1865లో జిలాబందీ, అంటే జిల్లాల పాలన, తెచ్చాడు. వసూలు జీతగాళ్లయిన అధికారుల చేతికి వచ్చింది. నూట అరవై ఏళ్ల కింద సంస్థానం వదిలించుకున్న పద్ధతిని మనం ప్రజాస్వామ్యంలో ఆకుకూరల మీద నడిపిస్తున్నాం.

పాట వల్ల పంచాయతీకి ఏడాది ఆదాయం ముందే ఖాయమవుతుంది కదా అంటారు. సెక్రటరీ ఒక్కడు, పారిశుద్ధ్య కార్మికులు ఇద్దరు ముగ్గురు, వాళ్లతో వసూలు చేయిస్తే మోరీలు ఎవరు తీస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ పాట పలికింది రికార్డులో ఉంటుంది, కాంట్రాక్టరుకు వసూలైంది ఏ రికార్డులోనూ ఉండదు. ఎంత పోతున్నదో తెలియకుండా ఎంతొస్తున్నదో చూసి మురవడం ఏం లెక్క?

చట్టం లేక కాదు ఈ తిప్పలు. సంతలు, తిరునాళ్లు రాజ్యాంగం 11వ షెడ్యూలులో 22వ అంశం, అంటే పంచాయతీలకు అప్పగించదగ్గ పని. పట్టణాలకైతే 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. వీధి వ్యాపారాల సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. పాడైపోయే సరుకు పట్టుకుంటే, అడిగిన రోజే తిరిగివ్వాలి. వీధి వ్యాపారులు 50 ఏళ్లకు పైగా అమ్ముకుంటున్న సహజ మార్కెట్‌ను వారసత్వ మార్కెట్‌గా ప్రకటించి, అక్కడివాళ్లను కదిలించకూడదని కూడా రెండో షెడ్యూలులో రాసుకున్నారు. నల్లగొండ జిల్లా చిట్యాల, వనపర్తి జిల్లా పెబ్బేరు 2018 దాకా గ్రామ పంచాయతీలు, ఇప్పుడు మున్సిపాలిటీలు. ఊరి బోర్డు మారితే ఈ హక్కులన్నీ అక్కడి గంపకు దక్కాలి. పక్క పంచాయతీ అంగట్లో కూర్చుంటే అదే మనిషికి అందులో ఒక్కటీ లేదు.

హైవే మీద కొర్లపహాడ్ టోల్ గేటు చూడండి. రేట్లు కారులోంచే చదవగలిగే సైజులో ఉంటాయి. ఫాస్టాగ్‌లో పైసలు కట్ అయిన క్షణాన ఎంత పోయిందో ఫోనుకు మెసేజ్ వస్తుంది, పొరపాటైతే ఫిర్యాదుకు నంబరు కూడా. కారున్నవాడికి లెక్క, గంపున్నామెకు ఉత్త చిట్టీ! బస్టాండు పార్కింగు కాంట్రాక్టు, జాతరలో దుకాణాల జాగా వేలం, గుడిలో కొబ్బరి చిప్పలూ వేలమే. జనం ఎదురుపడే ప్రతిచోటా సర్కారు తన కుర్చీని కిరాయికిచ్చి పక్కకు తప్పుకుంటోంది. ఇంతకీ సర్కారు తన చేత్తో చేసేది ఏం మిగిలింది? జనానికి ప్రభుత్వం అంటే కాంట్రాక్టరు మనిషి గొంతే అయిపోయింది.

అంగడి విషయంలో చేయాల్సింది పెద్ద పనేం కాదు. సున్నంతో జాగాలు గీసి నంబర్లు వేయాలి, జాగా ఎంతుందో అంతమందే. ఒక్కో నంబరుకు పంచాయతీ ఖాతా క్యూఆర్ కోడు పెట్టాలి. పుంటికూరమ్మ దగ్గర ఫోన్ లేదంటారా? ఆమె పక్కన మిర్చి అమ్మే కొడుకు దగ్గర ఉంది. లేనివాళ్ల దగ్గర మహిళా సంఘం సభ్యులు కమీషన్ మీద వసూలు చేసి, మొత్తం రాసిన రసీదు ఇవ్వొచ్చు. వసూలు అమ్మకం మొదలయ్యాక, వాన పడి చెదిరిన నాడు మాఫీ. వారం వారం వచ్చింది ఆఫీసు గోడ మీద రాస్తే చాలు.

తెలంగాణ పంచాయతీల్లో రెండేళ్ల దగ్గర దగ్గర ప్రత్యేకాధికారుల పాలన తర్వాత 2025 డిసెంబరులో సర్పంచులు గెలిచి వచ్చారు. నిధులు లేవని వాళ్లంతా హైదరాబాద్ వైపు చూస్తున్నారు. వచ్చే మార్చి పాటకు నోటీసు అంటించే ముందు ఒక్క అంగడి రోజు, ఒక్కటే, పొద్దున ఆరు నుంచి సాయంత్రం దాకా సోడా బండి పక్కన కూర్చుని చింపిన చిట్టీలు, వాటికి తీసుకున్న పైసలు లెక్కపెట్టుకోండి. ఆ లెక్కను 52తో గుణించి, పోయినేటి పాట పక్కన రాసి గ్రామసభలో చదవండి.