పదకొండో నంబరు హెచ్చరిక

మా ఆఫీసులో సర్వర్లు అయిదు. వాటికి కాపలా కాసే హెచ్చరికలు 412. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కు కాస్త ఎడంగా, ఓ పాత మేడ రెండో అంతస్తులో పడి ఉండే మామూలు ఆఫీసు ఈ స్థాయికి ఎదగడం చిన్న సంగతి కాదు. రేపటి తరాలకు ఉపయోగపడుతుందని ఆ వైనం రాసి పెడుతున్నాను.

హెచ్చరికలు రాకముందు మాకు బాబాయ్ ఉండేవాడు. ఇప్పటికీ ఉన్నాడు, అటెండరు. సర్వర్ గది ఊడ్చేది ఆయనే, ఏసీ కింద బకెట్ మార్చేదీ ఆయనే. కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ పెట్టె, అదే యూపీఎస్, బీప్ మంటే నా టేబుల్ దగ్గరికి వచ్చి, "బాబూ, పెట్టి ఏడస్తంది, ఓపాలి రండి" అనేవాడు. నెలకు ఒకటో రెండో సార్లు వచ్చేవాడు. వచ్చాడంటే నేను టీ గ్లాసు కింద పెట్టి లేచేవాణ్ణి.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. డిస్కు నిండితే చప్పుడు కాదు. ఒక ఆదివారం, సర్వరు తన ప్రతి పనీ రాసుకునే లాగ్ ఫైళ్లు పెరిగి పెరిగి డిస్కు గొంతు దాకా నిండిపోయాయి. సోమవారం పొద్దున ఒక్క బిల్లు కూడా బయటికి రాలేదు. "ముందే ఎందుకు తెలియలేదయ్యా?" అని మా సారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబుగా నాగియోస్ వచ్చింది.

1999లో అమెరికాలో ఈథన్ గాల్‌స్టాడ్ అనే ఆయన నెట్‌సెయింట్ పేరుతో బయటపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. సర్వర్లు బాగున్నాయో లేదో పదే పదే చూసి, తేడా వస్తే కబురు పెట్టడం దీని పని. తర్వాత పేరు మారి నాగియోస్ అయింది. మా ఆఫీసుకు వచ్చాక నాగేశ్వర్రావు అయింది. "నాగేశ్వర్రావు రాత్రి మూడింటికి మెసేజ్ పెట్టాడు" అంటే కొత్తగా చేరినవాళ్లు ఎవరో పాపం నిద్రపట్టని మనిషి అనుకుంటారు. ఉచితంగా దొరుకుతుందని తెలిశాక మా సారుకు ఆయన మీద ప్రత్యేకమైన అభిమానం ఏర్పడింది.

నాగేశ్వర్రావుకు నాలుగే మాటలు వచ్చు. సున్నా అంటే బాగుంది, ఒకటి అంటే జాగ్రత్త, రెండు అంటే ప్రమాదం, మూడు అంటే తెలియదు. ఈ మూడోది నాకు నచ్చుతుంది. అరసవిల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు వస్తాయి. ఆ పొద్దున మబ్బు పట్టిందనుకోండి, జనం ఉసూరుమంటూ ఇంటికి వెళ్తారు గానీ సూర్యుడు ఉదయించలేదని ఎవరూ అనరు. మూడో నంబరు అంటే అదే, మబ్బు పట్టింది, తెలియదు. మా సారు మాత్రం తెలియదన్న మాట ఎవరి నోట వచ్చినా ఒప్పుకోరు. కాబట్టి దానికీ ఎర్ర రంగే వేయించారు.

ఇక సర్వరు బతికుందో లేదో చూడటానికి పింగ్ ఉంది. మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో రాశాడు. జలాంతర్గాముల్లో వాడే సోనార్ శబ్దం మీద ఆ పేరు పెట్టాడు. ఇటు నుంచి చిన్న పొట్లం పంపితే అటు నుంచి "ఆఁ, ఉన్నాను" అని వస్తుంది. అంతే, ఉన్నాను. పని చేస్తున్నానని కాదు. కౌంటర్లో కుర్చీ ఖాళీగా లేనంత మాత్రాన మీ కాగితం కదులుతోందని అర్థమా? బిల్లింగ్ ప్రోగ్రాం మూర్ఛపోయిన రోజు కూడా పింగ్ మాత్రం ఆకుపచ్చగానే ఉంది. నిజానికి చూడాల్సింది లాగిన్ పేజీ తెరుచుకుంటోందా, ఒక బిల్లు తయారవుతోందా అని. అది రాయడానికి రెండు రోజులు పడుతుంది. పింగ్ పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అందుకని మా ఆఫీసులో ప్రింటర్లకు కూడా పింగ్ పెట్టాం. అంకె 412కి చేరింది ఇలాగే.

డిస్కు 80 శాతం నిండితే పసుపు, 90 దాటితే ఎరుపు అని పెట్టాం. మా బ్యాకప్ డిస్కు రెండు టీబీలది, అంటే రెండు వేల జీబీలు. పుట్టినప్పటి నుంచీ 91 శాతం దగ్గరే ఉంది. ఇంకా 180 జీబీ ఖాళీ ఉన్నా ఎర్రగానే మెరుస్తోంది, కొత్త ఇంటికి కట్టిన దిష్టిబొమ్మలాగా. పక్కన 20 జీబీల చిన్న డిస్కు పసుపు రంగులో బుద్ధిగా కూర్చుని, ఓ రాత్రి గంటలో నిండిపోయింది. శాతం కాదు సార్, ఈ వేగంతో నిండితే ఎన్ని గంటల్లో ఆగిపోతుందో లెక్కగట్టి చెప్పించాలి అన్నాను. "శాతం అయితే అందరికీ అర్థమవుతుంది కదయ్యా" అన్నారు.

అసలు వైభవమంతా వానాకాలంలో చూడాలి. నాగేశ్వర్రావు స్వతహాగా నిదానస్తుడు. ఒకసారి జవాబు రాకపోతే మళ్లీ అడుగుతాడు, మూడోసారి కూడా రాకపోతేనే అరుస్తాడు. ఎన్నిసార్లు అడగాలో మనమే చెప్పవచ్చు. ఒక్క క్షణం కూడా ఆలస్యం కారాదని మా సారు దాన్ని ఒకటికి తగ్గించారు. రూటర్ వెనకాల ఏమేం ఉన్నాయో ముందే చెప్పి పెడితే, రూటర్ పడినప్పుడు లోపలివాటిని "పోయాయి" అనడు, "అందడం లేదు" అంటాడు. అది మేం చెప్పలేదు. గుమ్మం కూలితే ఇంట్లో అందరికీ పిండం పెట్టే లెక్కన, ఇంటర్నెట్ లైను ఒకసారి తొణికితే వంద మరణ వార్తలు వచ్చేవి. రెండు నిమిషాలకు వాళ్లందరూ లేచి కూర్చున్నారని ఇంకో వంద.

ఇవన్నీ ఓ స్క్రిప్టు ద్వారా ఆఫీసు వాట్సాప్ గ్రూపులోకి వెళ్తాయి. అందులో 23 మంది. అకౌంట్స్ వాళ్లున్నారు, డ్రైవరు ఉన్నాడు. "డీబీ సర్వర్ డౌన్" అని వస్తే ఒకాయన "ఓం శాంతి" అని పెట్టారు. సారు బొటనవేలు పెట్టారు. అందరికీ వెళ్లిన కబురు ఎవరికీ వెళ్లనట్టే గదా, నాలుగో రోజుకల్లా అందరూ గ్రూపును మ్యూట్‌లో పెట్టేశారు. నేనూ పెట్టాను, దాచడం దేనికి. వెబ్‌సైటు అసలైనదేనని బ్రౌజరుకు చూపించే సర్టిఫికెట్ గడువు తీరిపోతోందని నెల రోజుల పాటు రోజూ ఒక మెసేజ్ వచ్చింది. మొత్తం 412లో పనికొచ్చే నాలుగైదింటిలో అదొకటి. ఎవరూ చూడలేదు. ముప్ఫై ఒకటో రోజున ఓ కస్టమర్ ఫోన్ చేసి చెప్పాడు.

ఈ ఊళ్లో హెచ్చరికలకు కరువేమీ లేదు. అల్పపీడనం బలపడితే కళింగపట్నం, భీమిలి పోర్టుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక అని పేపర్లో వస్తుంది. ఆ పట్టీ ఎప్పుడైనా తిరగేశారా? ఒకటి, రెండు అంటే తుపాను ఎక్కడో దూరంగా సముద్రంలో ఉంది. మూడు, నాలుగు అంటే రేవుకే గాలి తాకిడి ఉండొచ్చు. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెనుప్రమాదం. అందులోనూ తుపాను రేవుకు ఎడమగా దాటుతుందా, కుడిగానా, నెత్తి మీదుగానా అన్న తేడా ఉంటుంది. వాతావరణ శాఖ జిల్లాలకు ఇచ్చే రంగులకూ అర్థాలున్నాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండు, నారింజ అంటే సిద్ధంగా ఉండు, ఎరుపు అంటే కదులు. రంగు వెనక ఒక పని ఉంటుంది. మా దాంట్లో ఎరుపు అంటే ఎరుపే.

ఇక పదకొండో నంబరు. గాలి ఎంత, వాన ఎంత అనే ఊసే అందులో ఉండదు. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. కబురు రాకపోవడమే కబురు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానంలో ఉన్న చుట్టాలకు ఫోన్లు కలవక ఇక్కడ కూర్చున్నవాళ్లకు ఆ నంబరు విలువ తెలుసు. ఫోన్ మోగడం లేదు కాబట్టి క్షేమంగానే ఉన్నారని ఎవరూ అనుకోలేదు.

మేం అనుకున్నాం.

ఒక శనివారం రాత్రి 11 దాటాక కరెంటు ఉంది, ఊళ్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మా యూపీఎస్ ఒక్కటే లోపల ఏదో కాలి ఆగిపోయింది. అయిదు సర్వర్లకూ కరెంటు దాని నుంచే. అయిదో దాంట్లో నాగేశ్వర్రావు ఉన్నాడు. గ్రూపులోకి ఒక్క ముక్క రాలేదు. ఆదివారం పొద్దున ఏడింటికి సారు తామర పువ్వు బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టి, "రాత్రి నుంచి ఒక్క అలర్ట్ కూడా లేదు, టీమ్‌కు అభినందనలు" అన్నారు. పద్నాలుగు మంది చప్పట్లు కొట్టారు.

ఎనిమిదిన్నరకు బాబాయ్ సైకిల్ మా ఇంటి ముందు ఆగింది. గది ఊడవడానికి వెళ్లాడట.

"బాబూ, పెట్టి ఏడవట్లేదు."

"మంచిదే కదా బాబాయ్."

"నవ్వట్లేదు కూడా. గదిలో సప్పుడే లేదు. ఓపాలి రండి."

మధ్యాహ్నానికి అన్నీ లేచాయి. లేవగానే నాగేశ్వర్రావు కోలుకున్నవాళ్ల జాబితా వరసపెట్టి గ్రూపులో దంచాడు. వాటికీ చప్పట్లు పడ్డాయి. నెలాఖరు రిపోర్టు తీస్తే మరో విశేషం బయటపడింది. తాను నిద్రపోయిన గంటల్లో అంతా అంతకుముందు ఉన్నట్టే ఉందని నాగేశ్వర్రావు అనుకుంటాడు. మనం ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఆయన లెక్క అదే. ఏడాదికి 99.9 శాతం నడవాలంటే దాదాపు ఎనిమిది గంటల నలభై అయిదు నిమిషాలకు మించి ఆగకూడదు. మేం ఒక్క రాత్రిలోనే అది దాటేశాం. రిపోర్టులో మాత్రం ఆ రాత్రి 100 శాతం. సారు దాన్ని ఫ్రేము కట్టించలేదు గానీ హెడ్డాఫీసుకు పంపారు.

బయట ఎక్కడైనా చిన్న సర్వరు అద్దెకు తీసుకుందాం సార్, నెలకు కొన్ని వందలే, అన్నాను. ఇక్కడి నుంచి అయిదు నిమిషాలకోసారి "ఉన్నాను" అని కబురు వెళ్తుంది, రావడం ఆగితే అది నాకు ఫోన్ చేస్తుంది, నా ఒక్కడికే. సారు చాలాసేపు ఆలోచించారు. "మరి దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారయ్యా?" అన్నారు. ప్రశ్న లోతైనది కావడంతో ఫైలు అక్కడే ఆగింది.

అయితే జరిగినదాన్ని ఆయన తేలిగ్గా తీసుకోలేదు. బాబాయ్ ఆ రోజు రాకపోయి ఉంటే ఏమయ్యేదని సమీక్షలో ప్రస్తావించారు. ఇప్పుడు 413వ హెచ్చరిక ఉంది. పొద్దున ఎనిమిదికల్లా బాబాయ్ వేలిముద్ర పడకపోతే గ్రూపులో ఎర్ర మెసేజ్ వస్తుంది. దాన్ని పెట్టింది అయిదో సర్వర్లోనే.