48 గంటలంటే ఎన్ని గంటలు?

ఈమధ్య మా పిన్ని ఒక పేరు కొన్నది. చీర కాదు, స్థలం కాదు, పేరు. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి వెనక గదిలో పెట్టే పచ్చళ్లకు ఒక వెబ్‌సైట్ ఉండాలని పిల్లలు పోరు పెడితే, డాట్ కామ్ తగిలించిన పేరొకటీ, సైటుని నెట్‌లో ఉంచే చోటు, అదే హోస్టింగూ కలిపి ఏడాదికి డబ్బు కట్టేసింది. ఆవకాయ సీజన్ కదా అని సీసాలకు లేబుళ్లు వెయ్యి కొట్టించింది. పైన మామిడికాయ బొమ్మ, కింద చీమల బారులా సైటు పేరు. చోటు చాలక ముందున్న మూడు డబ్ల్యూలు ప్రెస్సాయన పీకేశాడు. ఆ డబ్ల్యూలను కాస్త గుర్తుపెట్టుకోండి.

సైటు తెరుచుకోలేదు. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే, "24 నుంచి 48 గంటలు పడుతుంది మేడం, ప్రాపగేషన్ అవుతోంది" అన్నారు.

ప్రాపగేషన్! అంటే పేరు ఊరూరా పాకడమట. అంత పెద్ద మాట విన్నాక ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఎవరికుంటుంది? ఇంటిల్లిపాదీ పురిటి గది బయట నిలబడ్డట్టు ఫోన్ల చుట్టూ చేరాం. మర్నాడు పొద్దున విజయవాడ నుంచి పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, నాకు వచ్చేసింది! పండుమిరప పచ్చడి ఫొటో భలే ఉంది!" ఇక్కడ మాత్రం తెల్ల తెర.

అంటే సైటు పుట్టింది. విజయవాడ దాకా వచ్చింది. గుంటూరు రావాలి, అంతే. పాతికేళ్లు ఈ రూటులోనే ఆర్టీసీ కండక్టరుగా చేసిన బాబాయి రంగంలోకి దిగాడు. "వారధి దాటితే ఇంకెంతసేపురా, కాజ టోల్‌గేటు దగ్గర ఆగుంటుంది, ఫాస్టాగ్‌లో డబ్బుల్లేవేమో." కాదు, రైలెక్కి ఉంటే కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ ఇవ్వలేదేమోనని పక్కింటాయన. మంగళగిరిలో దిగి పానకం తాగి వస్తుందిలే అని నేను. మధ్యాహ్నానికి బాబాయి నిజంగానే ఫోన్ పట్టుకుని డాబా ఎక్కాడు. విజయవాడ వైపు తిరిగి నిలబడితే త్వరగా అందుతుందట. ఎండ 43 డిగ్రీలు.

48 గంటలు గడిచాయి. మళ్లీ ఫోన్. ఈసారి ఇంకో గొంతు. "48 గంటలు పడుతుంది మేడం." మూడో రోజు మూడో గొంతు, అవే 48. అప్పుడు అర్థమైంది. ఆ గంటలు మనం పేరు కొన్నప్పటి నుంచి కాదు, మనం అడిగినప్పటి నుంచి లెక్క. అడగడం మానేస్తే తప్ప అవి పూర్తి కావు.

అసలు ఈ 48 ఎక్కడిదో తెలుసా? డాట్ కామ్ పేర్ల పట్టీలో, ఫలానా పేరు సంగతి ఫలానా సర్వర్‌ని అడగండి అని రాసి ఉంటుంది. ఆ సమాధానాన్ని 1,72,800 సెకన్లు గుర్తుంచుకోవచ్చని దాని పక్కనే ఉంటుంది. అంటే సరిగ్గా 48 గంటలు. సర్వర్ మారిస్తే పాత జవాబు మరిచిపోవడానికి పట్టే గడువు అది. నిన్న పుట్టిన పేరుకు పాత జవాబు ఎక్కడిదయ్యా? ఎవరు గుర్తుపెట్టుకున్నారు, ఎవరు మరిచిపోవాలి? కొత్త పేరు ఆ పట్టీలోకి ఎక్కడానికి మామూలుగా కొన్ని నిమిషాలు చాలు. పైగా ఇందులో ప్రయాణమేమీ లేదు. అడిగినవాడు వెళ్లి అడుగుతాడు, ఉంటే చెబుతారు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఈ పద్ధతి తయారుచేసింది ప్రపంచంలోని పేర్లన్నీ ఒకే ఫైల్లో మోసే అవస్థ తప్పించడానికి. మా పిన్నికి అబద్ధం చెప్పడానికి కాదు.

అవును, అబద్ధమే. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ముగ్గురిలో ఒక్కడూ, ఒక్కడంటే ఒక్కడూ, ఆ ఖాతా తెరిచి చూడలేదు. రేషన్ కార్డు దగ్గర్నుంచి గ్యాస్ బండ దాకా జీవితమంతా "రేపు రా అమ్మా" విన్న మనిషి ఆవిడ. చెప్తే నమ్ముతుంది, ఆగమంటే ఆగుతుంది. అది తెలిసే ఆగమన్నారు. ఈలోగా లేబులు చూసి సైటు తెరవబోయిన వాళ్లందరికీ ఆవిడే సంజాయిషీ చెప్పుకుంది, తప్పు తనదైనట్టు.

నాలుగో రోజు అరండల్‌పేట నెట్ సెంటర్ కుర్రాడు రెండు నిమిషాలు చూసి అన్నాడు. "డబ్ల్యూలు కొడితే వస్తోందండీ. కొట్టకపోతేనే రావట్లేదు. ఉత్త పేరు కొడితే ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డు పెట్టలేదు వాళ్లు." చెల్లెలు అలవాటుకొద్దీ డబ్ల్యూలు కొట్టింది. మేం లేబుల్ చూసి కొట్టాం. మధ్యలో కృష్ణానది ప్రమేయం ఏమీ లేదు.

అప్పటికే పిన్ని ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పి, తిరగ కలిపి, మళ్లీ కట్టేసింది. "మూడో రోజు కలపాలని ఊరికే అనను నేను. ముక్క ఊటొదిలి, నూనె పైకి తేలాలి. ఎందుకని అడిగితే చెప్పగలను" అంది.

కుర్రాడు రికార్డు పెట్టాడు. కాసేపటికి బ్రాడీపేటలో సైటు తెరుచుకుంది. ఆ సాయంత్రమే కంపెనీ నుంచి మెసేజ్. మీ సమస్య పరిష్కరించాం, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని.

పిన్ని కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"48 గంటలు పడుతుందని కొట్టరా."