మూడుసార్లు చెప్పినా

2010 మే 22 ఉదయం దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. ఎనిమిది మందే బయటపడ్డారు. విచారణలో తేలిన ఒక సంగతి ఇప్పటికీ కలవరపెడుతుంది. ఇలా దిగడం కుదరదు, మళ్లీ పైకి వెళ్లి చుట్టి వద్దామని కోపైలట్ మూడుసార్లు చెప్పాడు. దారిలో చాలాసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్ ఆ మాట పట్టించుకోలేదు. కెప్టెన్‌ని కాదని విమానాన్ని తన చేతిలోకి తీసుకునే చొరవ కోపైలట్‌కు చాలలేదు.

‘ఏదున్నా మొహమాటం లేకుండా చెప్పండి’ అనని మేనేజర్ మన ఆఫీసుల్లో అరుదు. పేరు రాయనక్కర్లేదంటూ పంపిన సర్వే ఫారం మొదటి గడిలోనే ఉద్యోగి నంబరు అడిగితే ఇంకేం చెబుతారు? హైటెక్ సిటీలో పొద్దుటి మీటింగ్‌లో, శుక్రవారానికి తేలదని అందరికీ తెలిసిన పనికి కూడా ‘అయిపోతుంది సర్’ అనే జవాబే వస్తుంది. మన పనితీరుకు మార్కులేసే అప్రైజల్ రాసేది ఎదురుగా కూర్చున్న ఆ మనిషే మరి. పెద్దలకు ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం, ఆ అలవాటు ఉద్యోగంలోనూ మనతోనే వస్తుంది.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. కలిసికట్టుగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు లెక్కకు వచ్చాయి. ఆరా తీస్తే, అక్కడివాళ్లు జరిగినదాన్ని దాచకుండా చెప్పుకుంటున్నారని అర్థమైంది. భయం ఉన్నచోట రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది. తప్పులు లేవని బహుమతులిచ్చే యాజమాన్యాలు ఏ రిజిస్టరు చూసి ఇస్తున్నాయో ఒకసారి ఆలోచించుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో నోరు మూసుకుంటే డెడ్‌లైన్ పోతుంది, టెన్షన్ మిగులుతుంది. మందుల ఫ్యాక్టరీలో అలా కాదు. రియాక్టర్ వేడెక్కుతోందని షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పి బ్యాచ్ ఆపించిన కాంట్రాక్టు కార్మికుడికి రేపు పని ఉంటుందన్న భరోసా ఏది? అతన్ని ధైర్యంగా ఉండమనడం అన్యాయం. ఆ భరోసా యాజమాన్యమే ఇవ్వాలి. ప్రమాదం అనిపిస్తే పని ఆపే హక్కు ప్రతి కార్మికుడికీ ఉందని, ఆపినందుకు కూలి కోయబోమని, పని తీసేయబోమని రాతపూర్వకంగా చెప్పాలి. దాన్ని గోడ మీది ఇంగ్లిష్ పోస్టరుకు వదిలేయకుండా, కాంట్రాక్టు కార్మికుల గేటు పాసు వెనక వాళ్లు చదవగలిగే భాషలో అచ్చు వేయాలి. మన ఫ్యాక్టరీల్లో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లూ ఉన్నారు.