కుడితి తొట్టి పోయాక

పాడి ఉన్న ఇంటి పెరట్లో ఒకప్పుడు కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిపోయిన మెతుకులు అన్నీ అందులోకే చేరేవి. ఇంత తవుడు కలిపి పెడితే సాయంత్రానికి గేదె తాగేసేది. పాడి లేనివాళ్లు తమ ఇంటి కుడితిని పక్కింటి తొట్టిలో పోసి వచ్చేవారు. అది పాలై ఇంటికి, పేడై పొలానికి తిరిగొచ్చేది. ఇప్పుడు పెరళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఆ తొట్టిలో పడాల్సిందంతా నల్ల కవరులో మూటగట్టి పొద్దున్నే చెత్తబండికి అప్పగిస్తున్నాం.

పర్యావరణం కోసం ఇంట్లో ఏం చేస్తున్నారని అడిగితే ఎక్కువమంది గుడ్డ సంచీ గురించే చెబుతారు. ఆ అలవాటు మంచిదే, మానకూడదు. అయితే ఆ సంచీలో తెచ్చినదానిలో ఎంత తిన్నాం, ఎంత పారేశాం అన్నది అంతకంటే పెద్ద లెక్క అని మా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ల నుంచి వచ్చినదే. మన దేశంలో ఒక్కో మనిషి ఇంట్లో ఏడాదికి సుమారు 55 కిలోలు పారేస్తున్నట్లు ఆ నివేదిక అంచనా. తొక్కలు, తొడిమలు, గింజలు కూడా కలిసిన లెక్క అది. నలుగురున్న కుటుంబానికి చూసుకుంటే రోజుకు ఆరు వందల గ్రాములు. అందులో తొక్కలు ఎన్ని, తినగలిగిన అన్నం ఎంత అన్నది ఏ ఇంటికా ఇల్లు ఒక వారం పాటు తూచి చూసుకుంటే తెలుస్తుంది.

చెత్త గుట్టలో అన్నం మామూలుగా కుళ్లదు. పైన టన్నుల కొద్దీ చెత్త పడి గాలి ఆడనప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ల కాలానికి లెక్కేస్తే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మన ప్రధాన ఆహారం విషయంలో ఇది మరీ ఆలోచించాల్సిన సంగతి. నీళ్లు నిలిపిన వరి మడిలోనూ గాలి ఆడక మీథేనే పుడుతుంది. అంటే పారేసిన అన్నం పొలంలో ఒకసారి, చెత్త గుట్టలో మరోసారి వాతావరణానికి భారమవుతోంది. కిలో బియ్యం వెనక వేల లీటర్ల నీరు ఉంది. తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో ఆ నీటిని బోర్లతో పాతాళం నుంచి తోడాలి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లోనూ, విశాఖ కాపులుప్పాడలోనూ డంపింగ్ యార్డుల పక్కన బతుకుతున్నవాళ్లకు ఈ విషయం మేం కొత్తగా చెప్పనక్కర్లేదు. మన వంటింట్లో మిగిలింది వాళ్ల ఇళ్లలో వాసనై కూర్చుంటోంది.

వృథాకు బీజం కొనేచోటే పడుతోంది. రైతుబజారులో పావుకిలో వంకాయలు అడిగితే పావుకిలోనే తూచి ఇస్తారు. రెండు రోజులకు సరిపడా కొనుక్కోవచ్చు. సూపర్ మార్కెట్లో అవే కూరలు ప్లాస్టిక్ చుట్టిన ట్రేలో వస్తాయి, ఎంత కావాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఫోన్‌లో ఆర్డరిస్తే డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి అక్కర్లేని మరో రెండు వస్తువులు బుట్టలో పడతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లను రైతుకు ధర, వినియోగదారుకు చవక అనే కోణంలోనే ఇన్నాళ్లూ చూశాం. కావలసినంతే, కవరు లేకుండా కొనుక్కునే వీలు వాటి మరో గుణం. దగ్గర్లో పండింది కొనడమే పర్యావరణానికి అన్నింటికన్నా మేలనే నమ్మకం ఒకటి బాగా పాతుకుంది. అది పూర్తిగా నిజం కాదు. విమానంలో వచ్చే పండ్ల వంటివి మినహాయిస్తే చాలా ఆహార పదార్థాల కర్బన భారంలో, అంటే వాటి వల్ల వాతావరణంలో కలిసే వేడెక్కించే వాయువుల్లో, రవాణా వాటా తక్కువే. ఏం తింటున్నాం, ఎంత పారేస్తున్నాం అన్నవే పెద్ద పద్దులు.

కొన్నాక వంటింటి సంగతి. బీరపొట్టు పచ్చడి, అరటి దూట కూర, పెరుగు కలిపిన చద్దన్నం మనకు ఎవరో వచ్చి నేర్పినవి కావు. రాత్రి అన్నం వెంటనే ఫ్రిజ్‌లో పెడితే పొద్దున పులిహోర అవుతుంది. ప్యాకెట్ మీద ‘బెస్ట్ బిఫోర్’ తేదీ రుచికీ నాణ్యతకూ సంబంధించింది. ‘ఎక్స్‌పైరీ’ దాటిందే తినకూడనిది. ఈ రెంటికీ తేడా తెలియక మంచి పప్పూ రవ్వా పారేస్తున్న ఇళ్లు ఎన్నో. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇల్లు, వంట అనగానే ఈ బాధ్యతంతా ఇల్లాలి నెత్తిన పడుతోంది. ఉద్యోగం చేసి వచ్చి, వండి, మిగిలింది సర్ది, చెత్త వేరుచేయడం కూడా ఆమె పనే అయితే అది పర్యావరణ స్పృహ పేరిట మరో చాకిరీ. కూరలు తెచ్చే చేతులు, కంచంలో వడ్డించుకునే చేతులు, తడి చెత్త పొడి చెత్త విడదీసే చేతులు ఇంట్లో అందరివీ కావాలి.

కంచంలో అన్నం వాటా తగ్గడమూ అవసరమే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని చెబుతున్నాయి. మనవాళ్లకు 50 నుంచి 70 శాతం ధాన్యాల నుంచే వస్తోంది. ఆ ఖాళీలోకి రావాల్సిన వాటిలో పప్పులు ముఖ్యం. కంది, పెసర, మినుము గాలిలోని నత్రజనిని నేలలోకి పట్టి తెస్తాయి కాబట్టి యూరియా అవసరం తగ్గుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, కందులను కలిపి సాగు చేస్తూ పాత విత్తనాలను దశాబ్దాలుగా కాపాడుతున్నారు. మనం కొంటేనే ఆ పంటలు నిలుస్తాయి. అయితే రేషన్ బియ్యం మీద బతికే కుటుంబాన్ని కొర్రలు తినమనడం న్యాయం కాదు. నగరాల్లో వాటి ధర మామూలు బియ్యాన్ని మించి ఉంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అదే రేషన్ దుకాణంలో కందిపప్పు, జొన్నలు కూడా అందుబాటు ధరకు దొరికితే పేద ఇంటికీ ఎంచుకునే అవకాశం వస్తుంది.

ప్లాస్టిక్ గురించి క్లుప్తంగా. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కప్పులు, ప్లేట్లు, స్ట్రాలపై నిషేధం ఉంది. ఆ ఏడాది చివరి రోజు నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని క్యారీ బ్యాగులూ నిషిద్ధమే. అయినా కూరల బండి దగ్గర పలుచని కవరే చేతికొస్తోంది. చిరువ్యాపారిని జరిమానాతో బెదిరించే ముందు వాటిని తయారుచేసే చోట ఆపాలి. కొత్త గుడ్డ సంచులు పోగేసుకోవడమూ పరిష్కారం కాదు. పత్తికీ నీళ్లు కావాలి, పురుగుమందులు కావాలి. ఉన్న ఒక్క సంచీని చిరిగేదాకా వాడాలి. ఇంట్లో వేడుకలకు అడ్డాకు విస్తళ్లు వాడితే ఏజెన్సీలో ఆకు ఏరి కుట్టే గిరిజన మహిళలకు నాలుగు రాళ్లొస్తాయి. సిద్దిపేటలో వేడుకలకు స్టీలు సామాను వాడుకోవడానికిచ్చే స్టీల్ బ్యాంకుల నుంచి గిన్నెలు, పళ్లేలు తెచ్చుకుని విందులు చేసుకుంటున్నారు. ఇలాంటివి ప్రతి మున్సిపాలిటీలోనూ రావాలి.

చివరగా ప్రభుత్వాల పని. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇంట్లోనే చెత్తను విడదీయాలని చెప్పాయి. శ్రద్ధగా విడదీసి ఇచ్చిన ఇల్లాలి కళ్లెదుటే బండివాడు రెంటినీ ఒకే కుప్పలో పోస్తుంటే, రెండో వారం ఆమె ఎందుకు విడదీస్తుంది? పోగొట్టుకున్న కుడితి తొట్టికి బదులుగా పట్టణానికి కావలసింది వార్డు స్థాయి కంపోస్టు కేంద్రం, బయోగ్యాస్ యూనిట్, అక్కడిదాకా విడిగానే చేరే తడి చెత్త. నెలలో ఏ వార్డు నుంచి ఎన్ని టన్నుల తడి చెత్త వచ్చింది, అందులో ఎంత ఎరువైంది, ఎంత డంపింగ్ యార్డుకు పోయింది అన్న లెక్కను మున్సిపాలిటీలు ప్రతి నెలా మొదటి వారంలో వార్డు కార్యాలయాల గోడలపై అంటించాలని కోరుతున్నాం.